టాంకులో తుప్పు: నిమ్మ ఉప్పు చాలు, టాయిలెట్ యాసిడ్ వద్దు

అన్నా, ఆరేండ్లు షెడ్డులో పడున్న బండి, టాంకు లోపలంతా తుప్పు, కింద అతుకు దగ్గర పెట్రోలు చెమ్మ, టాయిలెట్ యాసిడ్ పోయాలా అని కదా అడిగినావు. పోయొద్దు. అది మంచి రేకును కూడా తింటుంది, ఆ చెమ్మ కాస్తా బొక్క అవుతుంది.

టాంకు విప్పి ఆరుబయట పెట్రోలు వంచెయ్. దగ్గర్లో బీడీ, గ్రైండర్ ఉండకూడదు. సబ్బునీళ్లతో రెండుసార్లు కడిగి, టాంకు కింద పెట్రోలు కాక్ (పెట్రోలు తిప్పే కొళాయి) తీసి, ఆ రంధ్రానికి రబ్బరు బిరడా కొట్టు. లీటరు గోరువెచ్చని నీళ్లకు 100 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి మూతిదాకా నింపు. సగమే పోస్తే పైకప్పు తుప్పు అట్లే ఉంటుంది. 12 నుంచి 24 గంటలు చాలు. గ్యాస్ వస్తుంది, మూత బిగించొద్దు. పెయింట్ మీద ఒలికితే వెంటనే కడిగెయ్.

తర్వాత వంటసోడా నీళ్లు, చివర్లో ఆర్వో నీళ్లు. అనంతపురం బోరు నీళ్లయితే తెల్లచారలు మిగులుతాయి. అసలు పని చెడేది ఇక్కడే: తడి రేకు చూస్తుండగానే నారింజ రంగుకు తిరుగుతుంది. మన ఎండకు ఆరబెట్టి, తడి పోగానే 100 మిల్లీలీటర్ల టూటీ ఆయిల్ (టూ-స్ట్రోక్ బండ్ల పెట్రోలులో కలిపే ఇంజన్ ఆయిల్) పోసి అన్నివైపులా తిప్పు.

అతుకుకు పెట్రోలు తట్టుకునే ఎపాక్సీ పెట్టు. మామూలు వెల్డింగ్ షాపుకు మాత్రం ఇవ్వొద్దు, ఖాళీ టాంకులో మిగిలిన ఆవిరే పేలేది. కొత్త ఫిల్టరు వేసి, కార్బురేటర్ గిన్నె కూడా విప్పి చూడు.