తీసివేతతో పోల్చకండి

ప్రశ్న: జావా ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాను. పేరు, స్కోరు ఉండే ‘ఆటగాడు’ అనే క్లాసు రాసి, ఆ ఆబ్జెక్టులను లిస్టులో వేసి సార్ట్ చేయబోతే కంపైల్ కాలేదు. తర్వాత ఆబ్జెక్టులను పోల్చవచ్చని జావాకు చెప్పే కంపేరబుల్ పెట్టి, పోల్చే పని చేసే దాని కంపేర్‌టూ మెథడ్‌లో నా స్కోరులోంచి అవతలివాడి స్కోరు తీసేసి రిటర్న్ చేశాను. ఇప్పుడు బాగానే వస్తోంది. స్కోర్లు సమానమైతే పేరు ప్రకారం పేర్చడం ఎలా?

జవాబు: పేర్ల సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ తీసివేత తీసేయండి. దానివల్ల నేను రెండు రాత్రులు పోగొట్టుకున్నాను.

ఇద్దరు ఆటగాళ్ళలో ఎవరు ముందో జావాకు తెలియదు, మనమే చెప్పాలి. కంపేర్‌టూ ఇచ్చే జవాబులో చూసేది గుర్తు ఒక్కటే: మైనస్సా, సున్నానా, ప్లస్సా. తీసివేతతో ఆ గుర్తే తప్పుతుంది. స్కోరు లాంటి పూర్ణాంకాలు దాచే ‘ఇంట్’ రకంలో పట్టే అతి పెద్ద సంఖ్య 214,74,83,647. ఒకరి స్కోరు 200 కోట్లు, ఇంకొకరిది మైనస్ 100 కోట్లు అనుకోండి. తేడా 300 కోట్లు. అది ఇంట్‌లో పట్టక చుట్టు తిరిగి మైనస్ 129,49,67,296 అవుతుంది. అంటే ఎక్కువ స్కోరున్నవాడే చిన్నవాడైపోయాడు! నా ప్రోగ్రాంలో ఇలా పోల్చినవి స్కోర్లు కాదు, ఖాతాల నిల్వలు. టెస్టుల్లో అన్నీ చిన్న అంకెలే వేశాను కాబట్టి బయటపడలేదు. తప్పు డేటాలో ఉందనుకుని అక్కడే వెతుకుతూ కూర్చున్నాను. ఆబ్జెక్టులను సార్ట్ చేయడానికి జావా 7 నుంచి వాడుతున్న టిమ్‌సార్ట్ అనే పద్ధతి, పోలికలు ఒకదానికొకటి పొసగకపోతే ఒక్కోసారి ఎక్సెప్షన్ (ప్రోగ్రాంను ఆపే ఎర్రర్) విసురుతుంది. నాకు అదీ రాలేదు, వరుస మాత్రం చెడింది.

తీసివేతకు బదులు ఇంటీజర్ క్లాసులోని కంపేర్ మెథడ్‌కు రెండు స్కోర్లూ ఇవ్వండి, చాలు.

ఇక పేర్లు. 2014లో వచ్చిన జావా 8 నుంచి ఇది చాలా సులువు. పోలిక నియమాన్ని క్లాసు బయట విడిగా రాసుకునే కంపేరేటర్‌లోని కంపేరింగ్‌ఇంట్‌కు స్కోరు ఇచ్చి, దాని వెనకే దెన్‌కంపేరింగ్‌కు పేరు ఇవ్వండి. పెద్ద స్కోరు పైన రావాలంటే, వరుసను తిరగేసే రివర్స్‌డ్‌ను ఈ రెంటి మధ్యలో పెట్టాలి. చివర పెడితే పేర్లు కూడా తలకిందులవుతాయి.

ఇంకో మాట, అడగకపోయినా చెప్పాలి. ఈ ఆటగాళ్ళనే రేపు ట్రీసెట్‌లో (ఒకేలాంటివి రెండు లేకుండా, వరుసలో దాచే సెట్‌లో) వేస్తారేమో. పోలికలో స్కోరు ఒక్కటే ఉంటే, సమాన స్కోరున్న రెండోవాడు అందులోకి చేరడు. పోలిక సున్నా ఇస్తే ఇద్దరూ ఒక్కరేననుకుంటుంది ట్రీసెట్. పేరు కలిపినా, ఒకే పేరూ ఒకే స్కోరూ ఉన్నవాళ్ళు ఇద్దరుంటే మళ్ళీ అదే గతి. ప్రతి ఆటగాడికీ ఒక నంబరు ఇచ్చి, దాన్ని పోలికలో చివర చేర్చండి.