చక్రవర్తికి ఎదురు చెప్పిన తమ్ముడు

ప్రశ్న: 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయని తాతగారు చెప్పేవారు. జపాన్ రాజవంశీకులు నౌకాదళంలో పనిచేశారా?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: పనిచేశారమ్మా. ఆ బాంబుల సంగతి నరసాపురంలో మా అమ్మమ్మ నోట విన్న నాకు, తకమత్సు యువరాజు నొబుహితో కథ మరీ ఆసక్తి. 1905లో పుట్టారు, హిరోహితో చక్రవర్తికి తమ్ముడు. ఎతజిమా నౌకాదళ అకాడమీలో చదివి, 1942 నాటికి కెప్టెన్ అయ్యారు.

నేను ఆయన్ని గౌరవించేది ఒక్క రోజు కోసం. 1941 నవంబరు 30న అన్నగారి దగ్గరికి వెళ్లి, వీలైతే అమెరికాతో యుద్ధం తప్పించాలనే నౌకాదళం కోరుకుంటోందని చెప్పారు. చక్రవర్తి వెంటనే నౌకాదళ మంత్రి షిమదను, ప్రధానాధిపతి నగానోను పిలిపించి అడిగారు. గెలుపు మీద నమ్మకం ఉందని వాళ్లిద్దరూ చెప్పారు. మర్నాడే యుద్ధ నిర్ణయం ఖాయమైంది. ఎంత బాధాకరం!

ఆయన డైరీలు రాసేవారు. 1987లో ఆయన పోయాక అవి బయటపడ్డాయి. ప్రచురించవద్దని రాజప్రాసాద అధికారులు అన్నా భార్య కికుకో వెనక్కి తగ్గలేదు. జపాన్‌ను ఏలిన సైనిక పాలకుల్లో, అంటే షోగన్లలో, చివరివాడి మనవరాలు కదా, ఆ పట్టుదల ఎక్కడికి పోతుంది! 1995 నుంచి ఎనిమిది సంపుటాలుగా అచ్చువేయించారు.