గుంటూరు కోల్డ్ స్టోరేజీలో వాటా, కాలిఫోర్నియాలో విడాకులు

అమ్మా, విడాకుల్లో ఇక్కడి ఇల్లు, 401కె (ఉద్యోగం ద్వారా దాచుకునే రిటైర్మెంట్ ఖాతా) పంచుకుంటే చాలు, గుంటూరు కోల్డ్ స్టోరేజీలో మీవారి వాటా సంగతి తర్వాత చూసుకోవచ్చని రాశారు. కొత్తగా వచ్చినవాళ్ళందరూ ఇలాగే అంటారు. ఇక్కడ స్థిరపడ్డవాళ్ళం చూసినంతలో డబ్బు పోయేది ఆ ‘తర్వాత’లోనే.

కాలిఫోర్నియాలో పెళ్ళినాటి నుంచి విడిపోయిన తేదీ వరకు ఎవరు సంపాదించినా చెరిసగం. పెళ్ళికి ముందుది, పెద్దలు ఇచ్చింది, వారసత్వంగా వచ్చింది ఎవరిది వారిదే. మిగతా నిబంధనలు కోర్టు వెబ్‌సైటులో చదువుకోండి. ఆస్తులు, అప్పులు చూపించే ఎఫ్ఎల్-142 ఫారంలో మాత్రం విజయవాడ పటమటలోని ఫ్లాటు, ఎన్నార్ఈ డిపాజిట్లు (ఇక్కడి సంపాదన ఇండియా బ్యాంకుల్లో వేసినవి), కోల్డ్ స్టోరేజీ వాటా అన్నీ రాయించండి.

అసలు చిక్కు ఆ వాటాతోనే. మీ మామగారు ఇచ్చినంత మేరకు అది మీవారి సొంతం. పెళ్ళయ్యాక ఆయన జీతం అందులోకి వెళ్ళి ఉంటే దాంట్లో మీకూ సగం ఉంది. అది నిరూపించాలంటే పార్టనర్‌షిప్ డీడ్, ఐదేళ్ళ బ్యాలెన్స్ షీట్లు, సంస్థలో ఆయన పెట్టుబడి చూపించే క్యాపిటల్ అకౌంట్, ఇక్కడి నుంచి డబ్బు పంపిన బ్యాంకు స్టేట్‌మెంట్లు కావాలి. నోటిమాటకు విలువ లేదు.

బ్యాలెన్స్ షీట్ చూపించే విలువకు మాత్రం ఒప్పుకోవద్దు. అందులో స్థలం కొన్ననాటి ధరకే ఉంటుంది, మెషినరీ తరుగుదల పోగా మిగిలినంతే కనిపిస్తుంది. స్థలానికి వేరే వాల్యుయేషన్ చేయించండి. లోపలున్న మిర్చి టిక్కీలు (బస్తాలు) రైతులవీ వ్యాపారులవీ, సంస్థ ఆస్తి కాదు. సంస్థకు వచ్చేది అద్దె, సరుకు మీద ఇచ్చిన అప్పులకు వడ్డీ. బ్యాంకు బాకీ తీసేశాకే వాటా లెక్క.

అంత లెక్క తేలినా వాటా మీ పేరుకు రాయించుకోకండి. 1932 పార్టనర్‌షిప్ చట్టం సెక్షన్ 29 ప్రకారం వాటా రాయించుకున్నవారికి సంస్థ నడుస్తున్నంత కాలం లాభంలో భాగమే వస్తుంది. ఖాతా పుస్తకాలు అడిగే హక్కు కూడా ఉండదు. అక్కడ లెక్కలు చూసే మీ మరిది ఎంత చూపిస్తే అంతే లాభం! దానికి బదులు ఇక్కడి ఇంట్లో ఆ మేరకు ఎక్కువ భాగం తీసుకోండి. 401కెలో లక్ష డాలర్లు, బ్యాంకులో లక్ష డాలర్లు ఒకటి కావని గుర్తుంచుకోండి. మొదటిదాని మీద తీసేటప్పుడు పన్ను పడుతుంది. పైగా క్యూడీఆర్ఓ (రిటైర్మెంట్ ఖాతాను పంచమనే కోర్టు ఆర్డరు) లేనిదే ప్లాన్ వాళ్ళు మీ భాగం కదపరు.

సంస్థ లోనుకు మీరు గ్యారంటీ సంతకం పెట్టారా? విడాకుల డిక్రీ బ్యాంకును కట్టడి చేయదు. గ్యారంటీ నుంచి తప్పించినట్టు బ్యాంకు రాతపూర్వకంగా ఇచ్చాకే సెటిల్‌మెంట్ మీద సంతకం చేయండి.

ఫ్లాటు మీకే కావాలంటే డిక్రీకి ముందే గిఫ్ట్ డీడ్ రిజిస్టరు చేయించండి. అమెరికా కోర్టు కాగితం చూసి విజయవాడ సబ్‌రిజిస్ట్రారు పేరు మార్చరు. ముందు ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీలు చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీయించండి, తాకట్టు ఉంటే బయటపడుతుంది. ఇక్కడ పవరాఫ్ అటార్నీ రాసి పంపితే, ఇండియాకు చేరిన మూడు నెలల్లో స్టాంపు డ్యూటీ కట్టించాలి.

భర్త వీసా మీద ఆధారపడిన హెచ్-4 వీసా విడాకులతో పోతుంది, ఇమ్మిగ్రేషన్ లాయరును ముందే కలవండి. కేసులో ఇద్దరూ హాజరై సమ్మతి తెలపండి. ఒకరి సమ్మతి లేకుండా ఇక్కడ తెచ్చుకున్న డిక్రీ మన దగ్గర చెల్లదని 1991లో సుప్రీంకోర్టు తిరుపతిలో పెళ్ళయిన ఒక జంట కేసులోనే చెప్పింది.