పీజీకి వెబ్‌సైట్: బిల్డర్‌తోనా, అబ్బాయి రాసే కోడ్‌తోనా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది బెంగళూరు మారతహళ్ళిలో లేడీస్ పీజీ, 32 బెడ్లు. బ్రోకర్లకు కమీషన్ ఇచ్చీ ఇచ్చీ విసిగిపోయి సొంతంగా వెబ్‌సైట్ పెట్టుకుందాం అనుకుంటున్నాను. కోడ్ రాయకుండా వెబ్‌సైట్ తయారుచేసుకునే విక్స్ లాంటి బిల్డర్‌లో అయితే సాయంత్రానికల్లా అయిపోతుందని తెలిసినవాళ్ళు అంటున్నారు. ఇంజినీరింగ్ రెండో ఏడు చదువుతున్న మా అబ్బాయేమో "డబ్బులు దండగ నాన్నా, నేనే కోడ్ రాస్తా" అంటాడు. ఎవరి మాట వినమంటారు?

జవాబు: మీ అబ్బాయి మాటే వినండి.

మీకు కావలసినవి గదుల ఫొటోలు, టూ షేరింగ్ త్రీ షేరింగ్ రేట్లు, అడ్వాన్స్ ఎంత, ఖాళీ చేసేటప్పుడు మెయింటెనెన్స్ కింద ఎంత పట్టుకుంటారు, వారం మెనూ, మ్యాప్, నొక్కగానే వాట్సాప్ తెరుచుకునే బటన్. అంతే కదా! లాగిన్లు, ఆన్‌లైన్ పేమెంట్లు లేనప్పుడు ఇది వెబ్ పేజీలు రాసే భాషలైన హెచ్‌టీఎంఎల్, సీఎస్ఎస్ వచ్చినవాడికి ఒకటి రెండు పేజీల పని. 1991లో సెర్న్ అనే యూరప్ పరిశోధనా సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన మొట్టమొదటి వెబ్‌సైట్ ఉత్త హెచ్‌టీఎంఎల్లే, ఆ పేజీలు ఇవాళ్టి ఫోన్లో కూడా తెరుచుకుంటాయి.

బిల్డర్‌తో సాయంత్రానికి అయిపోతుందన్నది నిజమే. కానీ ఉచిత ప్లాన్లో అడ్రస్‌లో వాళ్ళ పేరూ పేజీ మీద వాళ్ళ ప్రకటనా ఉంటాయి, సొంత పేరు కావాలంటే సైట్ ఉన్నన్నాళ్ళూ డబ్బు కట్టాలి, పైగా విక్స్‌లో కట్టిన సైట్‌ని ఉన్నదున్నట్టు ఇంకోచోటికి మార్చుకోలేరు. మా వదిన సంగీతం క్లాసులకి నేను ఇలాంటి ఒక బిల్డర్‌లోనే చేసిపెట్టాను. రేటు పెంచారని బయటికొద్దామంటే మూడు రాత్రులు కూర్చుని ఒక్కో పేజీ కాపీ చేసుకోవలసి వచ్చింది. ఉచితంగా ఇచ్చినా భరోసా లేదు: బిజినెస్ ప్రొఫైల్‌తో (గూగుల్‌లో, మ్యాప్‌లో వ్యాపారం వివరాలు కనిపించే పేజీ) చిన్న వ్యాపారాలకిచ్చిన వెబ్‌సైట్లను గూగుల్ 2024 మార్చిలో ఆపేసింది.

మీవాడి పేజీని నెట్‌లో అందరికీ కనిపించేలా ఉంచే క్లౌడ్‌ఫ్లేర్ పేజెస్ అనే సర్వీసులో ఉచితంగా పెట్టుకోవచ్చు. వాడు అలాంటిదే అయిన గిట్‌హబ్ పేజెస్ అంటే మాత్రం వద్దనండి, ఆన్‌లైన్ వ్యాపారం నడపడానికి అది కాదని వాళ్ళ నిబంధనల్లోనే ఉంది.

నాకున్న టెన్షన్ ఒక్కటే. రెండేళ్ళ తర్వాత వాడికి పుణెలోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం వస్తే, ఇక్కడ మీరు రేటు మార్చాలనుకున్న రోజున ఆ ఫైల్ ఎక్కడుందో ఇంట్లో ఎవరికీ తెలియకపోతే, పాత రేటు చూసి వచ్చినవాళ్ళతో గేటు దగ్గర వాదించాల్సింది మీరే. అందుకని వాడు పక్కనుండగానే మీ చేత్తో ఒకసారి రేటు మార్చి చూడండి. అది మీవల్ల కాదనిపిస్తే మొహమాటపడకుండా బిల్డరే తీసుకోండి. ఏది తీసుకున్నా డొమైన్ (సైట్ అడ్రస్) మాత్రం మీ పేరున, మీ మెయిల్‌తో, మీ ఫోన్ నంబరుతో కొనండి, రెన్యువల్ తేదీ క్యాలెండర్లో రాసిపెట్టుకోండి.

ఎన్ని బెడ్లు ఖాళీ ఉన్నాయో సైట్లో పెట్టొద్దు, రోజూ మార్చలేరు, అది వాట్సాప్‌లో చెప్పండి. ఫోన్లో తీసిన ఫొటోలు ఒక్కోటి నాలుగైదు ఎంబీ ఉంటాయి, సైజు తగ్గించి పెట్టమనండి. బాత్రూమ్ ఫొటో, మెయిన్ గేటు ఫొటో తప్పకుండా ఉండాలి. అమ్మాయిని పంపే తల్లిదండ్రులు ఊళ్ళో కూర్చుని ముందు వెతికేవి అవే.