ఎలుకల నరాలు కొలిచే చదువుకి భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మేం బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా అమ్మాయి బయోమెడికల్ ఇంజనీరింగ్ ఫైనలియర్. ఎలుకల్లో ఎలక్ట్రోడ్లు అమర్చి, దెబ్బతిన్న నరం మళ్లీ ఎంత పెరిగిందో కొలిచే రీసెర్చ్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. చేతిలో సాఫ్ట్‌వేర్ ఆఫర్ ఉంది. ఏది మేలు?

జవాబు: పోల్చి చెప్తాను గానీ సార్, మీ అసలు టెన్షన్ జీతం కాదు, ఊళ్లో చుట్టాలు అడిగితే ఏం చెప్పాలన్నది. అది మీ ఇబ్బంది, అమ్మాయి నెత్తిన పెట్టకండి.

నా అనుమానం వేరే. 2024లో న్యూరాలింక్ కంపెనీ వాళ్లు మనిషి మెదడులో చిప్ పెట్టిన దగ్గర్నుంచి పిల్లలందరికీ బ్రెయిన్ చిప్ మోజే. అసలు పనిలో ఆ హంగులేం ఉండవు. ఎలుకకి మత్తిచ్చి, తొడలోని సయాటిక్ నరాన్ని నలిపి, దాని చుట్టూ కఫ్ ఎలక్ట్రోడ్ తొడిగి, పైన చిన్న కరెంటు ఇస్తే కింద కండరంలో ఎంత సిగ్నల్ వస్తోందో వారాల తరబడి చూస్తూ కూర్చోవాలి. నరం మనుషుల్లో రోజుకి సుమారు 1 మిల్లీమీటరే పెరుగుతుంది, ఎలుకల్లో కాస్త వేగం, అంతే. సిగ్నల్ పెద్దదైతే ఎక్కువ నరపు పోగులు కండరాన్ని చేరాయని, త్వరగా వస్తుంటే వాటి మీద మైలిన్ పొర కుదురుకుంటోందని లెక్క. ఈలోగా ఒంట్లో ఎలక్ట్రోడ్ చుట్టూ మచ్చలాంటి కండ పేరుకుంటుంది, వైరు తెగుతుంది. సిగ్నల్ పడిపోయిందంటే నరం పెరగడం ఆగిందా, ఎలక్ట్రోడ్ పాడైందా? అది తేల్చడమే అసలు చదువు. చివరికి ఎలుకని చంపి, నరాన్ని కోసి మైక్రోస్కోప్ కింద చూసుకోవాలి కూడా. ఎథిక్స్ కమిటీ అనుమతితోనే చేస్తారనుకోండి, అయినా చేసేది తన చేతులతోనే. ఇది మీ అమ్మాయికి తెలుసా? ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగారా, లేక ఆఫర్ లెటరే చూపిస్తున్నారా?

జీతమంటారా, మొదట్లో సాఫ్ట్‌వేరే ఎక్కువ ఇవ్వొచ్చు. పీహెచ్‌డీలో ఇచ్చే జూనియర్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) 2023 నుంచి నెలకి 37,000, సీనియర్ ఫెలోషిప్ (ఎస్ఆర్ఎఫ్) అయ్యాక 42,000, హెచ్ఆర్ఏ అదనం. ఐదారేళ్లు పడుతుంది. కానీ గోలలోంచి సన్నని సిగ్నల్ పట్టడం వచ్చినవాళ్లు రోడ్డున పడరు. షుగర్ వాళ్ల కాళ్లకి ఆసుపత్రిలో నరాల పరీక్ష చేస్తారే, ఆ మెషీన్ల వెనకున్న విద్యే ఇది. మెడికల్ డివైస్ కంపెనీలకీ అదే కావాలి. ఐఐఎస్సీ, నిమ్‌హాన్స్ లాంటి పెద్ద పరిశోధన సంస్థలున్న ఊళ్లోనే ఉండి ఇంత భయమెందుకండీ?

ముందు ఏదైనా ల్యాబ్‌లో రెండు నెలలు ఇంటర్న్‌షిప్ చేయనివ్వండి, సర్జరీ దగ్గర నిలబడగలదో లేదో తనకే తెలుస్తుంది. జాయినింగ్ వాయిదా వేస్తారేమో కంపెనీకి మెయిల్ పెట్టమనండి. తననే పెట్టమనండి, మీరు పెట్టకండి.