పిల్లిని పంపేస్తే పురుగులు పోతాయా?

ప్రశ్న: మాది తిరుపతి, కొర్లగుంటలో బాడుగ ఇల్లు. మా పిల్లికి నెల నిండని కూన ఒకటి ఉంది. రెండింటినీ పక్కింట్లో వదిలి దసరాకు చిత్తూరు పోయొచ్చాం. తాళం తీసి లోపల కాలు పెట్టామో లేదో నల్లటి సన్న పురుగులు ఎగిరి కాళ్లకు పట్టుకున్నాయి, మడమల చుట్టూ దద్దుర్లు. పిల్లి లేని ఇంట్లో ఇవెక్కడివి? షాపులో కుక్కల మందు ఇచ్చారు, వేయొచ్చా? పిల్లిని ఎక్కడైనా వదిలేయమని మా అత్త ఒకటే పోరు.
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ముందు ఆ కుక్కల మందు పక్కన పెట్టేయండమ్మా. అందులో పర్మెత్రిన్ అనే పురుగుమందు ఉంటే కుక్కకు ఏమీ కాదు గానీ, పిల్లి ఒంట్లో అది అరిగిపోదు, వణుకు, ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికొస్తుంది. చీమల చాక్‌పీసులు కూడా చాలావరకు ఆ జాతి మందులే, పిల్లి తిరిగే చోట గీయొద్దు. కర్పూరం రాయండి, ఫినాయిల్ నీళ్లతో కడగండి అనేవాళ్లు వీధికొకరు ఉంటారు, వినకండి. పిల్లి ఒళ్లంతా నాక్కుంటుంది, రాసిందంతా దాని కడుపులోకే పోతుంది, ఆ రెండూ దానికి విషమే.

మీరు చెప్పినదాన్ని బట్టి ఇవి ఫ్లీస్, అంటే పిల్లుల ఒంటిమీద ఉండి రక్తం తాగే పురుగులు. పిల్లిని సన్న దువ్వెనతో దువ్వి, రాలిన నల్ల నలుసుల్ని తడి తెల్లగుడ్డ మీద వేయండి, ఎర్రగా మరక పాకితే అనుమానమే లేదు, అది అవి తాగి విసర్జించిన రక్తం.

పిల్లి ఒంటిమీద కనిపించేవి మొత్తంలో కొన్నే. ఆడ ఫ్లీ రోజుకు 40, 50 గుడ్లు దాకా పెడుతుంది, అవి వెంట్రుకలకు అంటుకోవు, పిల్లి పడుకున్న చోటల్లా రాలిపోతాయి. వాటిలోంచి వచ్చే పురుగుకు వెలుతురు గిట్టదు, పరుపు కిందో బండల సందులోనో దూరి గూడు కట్టుకుంటుంది. ఆ గూట్లోకి ఏ స్ప్రే సరిగా పోదు. అడుగుల అదురు, ఒంటి వేడి, మన ఊపిరి తగిలితే బయటికి దూకుతుంది, లేకపోతే నెలల తరబడి అలాగే ఆగగలదు. మీరు తాళం తీసి నడిచేసరికి ఆకలిమీదున్నవన్నీ ఒక్కసారే లేచాయి. మీ అత్తగారికీ ఇదే చెప్పండి, పిల్లిని పంపేస్తే పురుగులు దాని వెంట పోవు, ఇంట్లో మిగిలేది మీరే కాబట్టి మిమ్మల్నే కుడతాయి.

అందుకే ఇల్లూ పిల్లీ రెండూ ఒకేసారి చూసుకోవాలి. దుప్పట్లు, పిల్లి పడుకునే గుడ్డలు బాగా వేడి నీళ్లలో ఉతికి, పరుపుల్ని ఎండ ఉన్న రోజు మిద్దె మీద వేయండి. మనకు అక్టోబరు దాటితే వానలే, తేమ ఉంటే వీటికి పండగ, కాబట్టి ఎండ కాసినప్పుడే కానిచ్చేయండి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే మంచాల కింద, గోడవారల రోజూ లాగి, చెత్తను కవర్లో బిగించి బయట పారేయండి. లేకుంటే పొరకతో ఊడ్చి, సబ్బు వేసిన వేడి నీళ్లతో తుడవండి.

పెద్ద పిల్లికి ఫిప్రోనిల్ లాంటి చుక్కల మందు ఉంటుంది, నాకడానికి అందకుండా మెడ వెనక వెంట్రుకలు పాయ తీసి చర్మం మీద వేయాలి. కానీ మీది పాలిచ్చే తల్లి కాబట్టి డాక్టరును అడగకుండా వేయొద్దు, మన ఊళ్లోనే వెటర్నరీ కాలేజీ ఉంది కదా, రెండింటినీ బుట్టలో పెట్టి తీసుకుపోండి. అంత చిన్న కూనకు ఆ మందు అసలు కుదరదు, రోజూ దువ్వి, దొరికినవాటిని సబ్బు నీళ్లలో ముంచేయడమే. దాని చిగుళ్లు పాలిపోయి ఉంటే మాత్రం రేపు చూద్దాం అనుకోవద్దు, రక్తం తగ్గి చనిపోతాయి ఇంత చిన్నవి.

మందు వేశాక రెండో వారంలో మళ్లీ పురుగులు కనిపిస్తే టెన్షన్ పడకండి, పాత గూళ్లలోంచి వచ్చేవే అవి. డాక్టరు చెప్పిన తేదీల్లో మూడు నెలలైనా ఆపకుండా వేయించండి. తోక దగ్గర బియ్యపు గింజల్లాంటివి కనిపిస్తే బద్దెపురుగులకూ (టేప్‌వార్మ్) మందు అడగండి, ఫ్లీస్‌ను మింగడం వల్లే అవి వస్తాయి.