సొరచేపలు కాదు, సీటు!

అడిగిన ప్రశ్న ఇది: ఒక్కరే తెడ్లు వేసుకుంటూ మహాసముద్రం దాటేవాళ్ళకి రోజెలా గడుస్తుంది, ఒంటరితనంతో పిచ్చెక్కదా, సొరచేపలు మీదికి రావా?

నేను తెడ్డేసి ఎక్కడికీ పోలేదు. మాది విశాఖ, సరుకు ఓడలో సెకండ్ ఆఫీసర్ని. కానీ అలాంటి మనిషితో నడిసముద్రంలో అర్ధరాత్రి రేడియోలో మాట్లాడాను. సినిమాలు చూసి జవాబులు రాసేవాళ్ళకంటే నాకు కాస్త ఎక్కువే తెలుసు.

డిసెంబరు నెల. రాటర్‌డ్యామ్‌లో ఇనుప ఖనిజం దింపేసి ఖాళీ ఓడతో బ్రెజిల్ వెళ్తున్నాం. ఆఫ్రికా పక్కనున్న కానరీ దీవులు దాటాం. రాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా వాచ్, అంటే ఓడ నడిపే డ్యూటీ, నాది. చుట్టుపక్కల ఓడల పేరు, చోటు, వేగం రేడియోలో పట్టి చూపించే ఏఐఎస్ తెరమీద ఓ చిన్న త్రికోణం కనబడింది. పొడవు ఏడు మీటర్లు, వేగం రెండు నాట్లు, అంటే గంటకి నాలుగు కిలోమీటర్ల లోపే. రాడార్‌లో చూస్తే ఏమీ లేదు, అలల మచ్చల్లో కలిసిపోయింది. నాతోపాటు లుకౌట్‌లో ఉన్నది సోంపేట కుర్రాడు. బైనాక్యులర్స్ కళ్ళ మీంచి దించకుండానే "సాబూ, ఈడు ఎల్తన్నాడా, తేల్తన్నాడా?" అన్నాడు.

కానరీల్లోని లా గొమేరా నుంచి కరీబియన్‌లోని ఆంటిగ్వాకి డిసెంబరులో తెడ్ల పడవల పందెం ఒకటి జరుగుతుంది. దాదాపు 4,800 కిలోమీటర్లు. మా దారి వాళ్ళ దారికి అడ్డం. ఓడలన్నీ వినే పదహారో రేడియో ఛానెల్లో పిలిచాను. మూడో పిలుపుకి నిద్రమత్తు గొంతొకటి పలికింది. మూడు మైళ్ళ ఎడంగా పోతాను, కంగారు పడొద్దని చెప్పి ఓడని పక్కకి తిప్పాను. అక్కడితో అయిపోవాల్సిన మాట. ఆయన వేరే ఛానెల్‌కి రమ్మని, రాబోయే రెండ్రోజులు గాలి ఎటునుంచో చదివి చెప్పమన్నాడు. చెప్పాను. ఆ తర్వాత, "ఇవాళ రాత్రి మీ ఓడలో ఏం తిన్నారు?" అని అడిగాడు.

చికెన్ కూర, అన్నం, పప్పు, అప్పడం అన్నాను. కాసేపు రేడియోలో గరగర తప్ప ఏమీ లేదు. తర్వాత, అప్పడం అంటే ఏంటో వివరంగా చెప్పమన్నాడు. నెలలకి సరిపడా ఎండబెట్టిన తిండి పాకెట్లు తెచ్చుకుని, వాటిలో వేణ్ణీళ్ళు పోసుకు తినేవాడికి కరకరలాడేదేదైనా అమృతమేనట.

పావుగంట పైనే మాట్లాడాడు. మాటంతా పిర్రల గురించే! రోజుకి పన్నెండు గంటలు ముందుకీ వెనక్కీ జారే ఆ సీటు మీదే. ఉప్పునీళ్ళు బట్టలో ఇంకి, ఆరి, గరుకుతేలి చర్మాన్ని ఒరుస్తాయి. పుండు పడిందా, ఇక మానదు, మళ్ళీ దానిమీదే కదా కూర్చోవాలి. అందుకే చాలామంది బట్టలు విప్పేసే తెడ్డేస్తారు, సీటు మీద గొర్రెతోలు పరుచుకుంటారు. పడుకోబోయే ముందు మంచినీళ్ళతో తడిపిన గుడ్డతో ఒంటిమీది ఉప్పంతా తుడుచుకోవడం ఆయనకి సంధ్యావందనంతో సమానం. ఆ మంచినీళ్ళూ ఊరికే రావు. సోలార్ పలకల కరెంటుతో చిన్న యంత్రమొకటి సముద్రపు నీళ్ళలో ఉప్పు తీస్తుంది. రెండ్రోజులు మబ్బేస్తే చేత్తో పంపు కొట్టుకోవడమే.

ఆ మధ్యాహ్నమే పడవ అడుగు గీకడానికి నీళ్ళలోకి దిగాడట. అడుగున బార్నకిల్స్ (అతుక్కుని పెరిగే గుల్ల జీవులు) పట్టి పెరిగాయంటే ఎంత తెడ్డేసినా పడవ ఈడుస్తుంది. తాడు నడుముకి కట్టుకుని, గీకే బద్ద పట్టుకుని దిగాలి. కింద కిలోమీటర్ల లోతు. దిగడం పెద్ద పని కాదు, పడవ అంచు మీంచి చెయ్యి వదలడానికే ధైర్యం కూడగట్టుకోవాలి అన్నాడు.

ఇక ఒంటరితనం. నన్నడిగితే అది ఒడ్డునున్నవాళ్ళ బెంగ. రోజ్ సావేజ్ అనే బ్రిటిష్ ఆవిడ 2005-06లో ఇదే దారిలో వెళ్తే నాలుగు తెడ్లూ విరిగాయి, స్టవ్ పాడైంది, చివరికి శాటిలైట్ ఫోనూ పోయింది. ఎవరితోనూ మాట లేకుండానే మిగతా దారి తెడ్డేసి, 103వ రోజున ఆంటిగ్వా చేరింది. 1969లో మొదటిసారి ఒంటరిగా తెడ్డేసి అట్లాంటిక్ దాటిన జాన్ ఫెయిర్‌ఫాక్స్‌కి 180 రోజులు పట్టింది. ఒంటరితనమే చంపేదైతే వీళ్ళెవరూ ఒడ్డు చూసేవాళ్ళు కాదు.

అసలు శత్రువు నిద్ర. కండబలం తర్వాతి సంగతి. ఇద్దరుండే పడవలో ఒకరు తెడ్డేస్తుంటే ఒకరు పడుకుంటారు. ఒక్కడే అయితే? తెడ్డేసేవాడు వెనక్కి తిరిగి కూర్చుంటాడు కాబట్టి మెలకువగా ఉన్నా ముందేముందో సరిగ్గా కనబడదు. పడుకున్నాక ఏఐఎస్ అలారమే కాపలా. ఎదురుగాలి తిరిగితే పారాచూట్ లాంటి లంగరు నీళ్ళలో వదిలి, కాళ్ళు చాపుకోడానికే సరిపోయే కేబిన్లో గాలి మారేదాకా పడుండాలి. కష్టపడి వేసిన మైళ్ళు కొన్ని వెనక్కి పోతాయి కూడా.

నిద్ర మాటొచ్చింది కాబట్టి మా గోడు కూడా వినండి. పెళ్ళికెళ్తే చాలు, "ఓడ మునిగితే ఏం చేస్తావు బాబూ?" అని అడుగుతారు పెద్దలు. ఎన్ని గంటలు పడుకుంటావని ఒక్కరడగరు. రాత్రి నాలుగింటికి వాచ్ దిగి, మళ్ళీ మధ్యాహ్నం పన్నెండుకి ఎక్కేవాడికి నిద్ర ముక్కలుముక్కలే. విశ్రాంతి గంటల కాగితంలో మాత్రం అన్నీ నిండుగా ఉంటాయి. మన టీవీ వాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. మనవాడు భావిక్ గాంధీ 2007లోనే తెడ్డేసి ఒంటరిగా 106 రోజుల్లో అట్లాంటిక్ దాటాడు. బెంగళూరులో పుట్టిన అనన్య ప్రసాద్ 2025 మొదట్లో 52 రోజుల్లో దాటింది. ఎంతమంది విన్నారు ఈ పేర్లు? హీరోగారి జిమ్ వీడియోకైతే అరగంట కార్యక్రమం.

సొరచేపల సంగతి రేడియోలో ఆయన్ని చివర్లో నేనే అడిగాను. నవ్వాడు. వాటికంటే ఎగిరే చేపలతోనే చావొచ్చిపడిందట. చీకట్లో కనబడకుండా ఎగిరొచ్చి మొహమ్మీద ఫట్‌మని కొడతాయి, తలుపు తీసి ఉంటే కేబిన్లోకీ దూకుతాయి. డెక్ మూలల్లో పడి చచ్చినవి ఎండెక్కేసరికి కంపు మొదలు. పొద్దున లేవగానే ఆయన చేసే మొదటి పని వాటిని ఏరి నీళ్ళలో పారేయడం, రెండోది సీటుమీద గొర్రెతోలు దులుపుకోవడం.